వెళ్లొచ్చిన చదువు

1958లో రోమ్ విశ్వవిద్యాలయం ఆఫీసుకు ఓ లా విద్యార్థిని వెళ్లింది. పేరు సోఫియా కొరాడి. ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద న్యూయార్క్ వెళ్లి, కొలంబియా విశ్వవిద్యాలయంలో తులనాత్మక న్యాయశాస్త్రంలో మాస్టర్స్ చేసి అప్పుడే తిరిగొచ్చింది. అక్కడ పూర్తిచేసిన పరీక్షలను ఇక్కడి డిగ్రీలో కలపమని అడిగింది. ఎదుట కూర్చున్న అధికారికి కొలంబియా పేరే కొత్త. షికార్లు చాలించి ఇంటికెళ్లి చదువుకోమని పదిమంది ముందు ఆమెను కసిరాడు. మిగిలిన పరీక్షలన్నీ రోమ్‌లోనే పూర్తిచేసి పట్టా తీసుకోవాల్సి వచ్చింది. ఆ రోజు పడ్డ మాట గురించి కొరాడి తర్వాత ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఆమె కోపం ఆ అధికారి మీద కాదు. బయట చదివి వచ్చినవాళ్ల చదువును ఏం చేయాలో తెలియని వ్యవస్థ మీద.

ఆ కోపం ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత ఎరాస్మస్ అనే పథకమై అమల్లోకి వచ్చింది. చదువుకునే కాలంలో కొన్ని నెలలు మరో దేశంలో ఉండి, తిరిగి సొంత విశ్వవిద్యాలయానికి రావడానికి యూరప్ చేసుకున్న ఏర్పాటు అది. 1987లో 11 దేశాల నుంచి 3,244 మంది విద్యార్థులతో మొదలైంది. ఇప్పటిదాకా కోటిన్నర మందికి పైగా దానిలో పాలుపంచుకున్నారు. ఇటలీ వాళ్లు కొరాడిని ‘మమ్మా ఎరాస్మస్’ అని ప్రేమగా పిలుచుకుంటారు.

మనకు విదేశీ చదువంటే గుర్తొచ్చేది వేరు. జీఆర్‌ఈ, ఐ-20, బ్యాంకు లోను, చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు, వీసా వచ్చాక నూట ఎనిమిది. ఆ తర్వాత ఓపీటీ, హెచ్‌1బి. ఆ దారిలో వెళ్లినవాళ్ల వల్ల రెండు రాష్ట్రాల్లో ఎన్నో కుటుంబాలు నిలదొక్కుకున్నాయి. దాన్ని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ ప్రయాణంలో, వాళ్లను పంపిన కాలేజీకి దక్కేదేమీ లేదు. గోడ మీద ఫ్లెక్సీలో ఓ ఫొటో తప్ప. వెళ్లినవాళ్లు చూసిన క్లాసు, రాసిన పరీక్ష, అడిగిన ప్రశ్న ఏవీ వెనక్కి రావు. తర్వాతి బ్యాచ్ పిల్లలు అవే నోట్స్‌తో అదే బెంచీల్లో కూర్చుంటారు.

వెళ్లి తిరిగొచ్చే చదువు పని అక్కడే మొదలవుతుంది. ఆర్నెల్లు బయట ఉండొచ్చిన పిల్ల మళ్లీ అదే క్లాసులో, అదే మాస్టారి ముందు కూర్చున్నప్పుడు ఆ క్లాసు ముందులా ఉండదు. నా దృష్టిలో ఈ కార్యక్రమాలను తూచాల్సిన త్రాసు ఇదొక్కటే. ఎంతమంది వెళ్లారన్నది కాదు, వచ్చాక ఇక్కడ ఏం మారిందన్నది.

నిజానికి ఈ ఆలోచన మొదట పుట్టింది ఓ అధ్యాపకుడికి. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో రేమండ్ కర్క్‌బ్రైడ్ ఫ్రెంచ్ చెప్పేవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లో పనిచేసి వచ్చినవాడు. ఆ యుద్ధం చూసినవాడికి, ఆ దేశాన్ని వ్యాకరణ పుస్తకంలోంచి మాత్రమే చూపిస్తున్నామన్న బాధ ఉండటంలో వింతేముంది? డిగ్రీ మూడో ఏడాది పిల్లల్ని ఫ్రాన్స్ పంపిద్దామని 1921లో ప్రతిపాదించాడు. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు వాల్టర్ హలిహెన్ వెంటనే ఒప్పుకున్నాడు. విశ్వవిద్యాలయం మాత్రం డబ్బివ్వలేదు. ఇద్దరూ ప్రైవేటు దాతల దగ్గరికి వెళ్లారు. పారిశ్రామికవేత్త పియెర్ డూపాంట్ చేయూతనిచ్చాడు. అప్పటి వాణిజ్య మంత్రి హెర్బర్ట్ హూవర్ బాగుందన్నాడు. 1923 జూలై 7న ఎనిమిది మంది విద్యార్థులు ‘రోషాంబో’ అనే ఓడెక్కారు. వెంట కర్క్‌బ్రైడే వెళ్లాడు. వేసవంతా నాన్సీ నగరంలో భాషకు పదును పెట్టి, తర్వాత పారిస్‌లో సోర్బాన్ పాఠాలు. బస ఫ్రెంచి కుటుంబాల ఇళ్లలో. ఆ ఏడాది చదువు డెలావేర్ డిగ్రీలో పూర్తిగా లెక్కకొచ్చింది. ఓడ ప్రయాణం కన్నా సాహసమైన నిర్ణయం అదే.

ఐరోపాలో ఆ లెక్క కుదరడానికి ఇంకా చాలాకాలం పట్టింది. కొరాడి చదువు పూర్తిచేసుకుని పరిశోధకురాలయ్యారు. ఇటలీ విశ్వవిద్యాలయాల రెక్టర్ల సంఘానికి సలహాదారుగా చేరారు. విద్యార్థి ఇతర దేశంలో చదివే సబ్జెక్టులను ముందే ఆమోదించి, తర్వాత డిగ్రీలో కలపాలంటూ 1969లో ఓ నోట్ రాసి ఆ దేశపు విద్యాధికారులకు చేరవేశారు. 1976లో ఐరోపా సమాజం ఉమ్మడి అధ్యయన కార్యక్రమాలకు చిన్న మొత్తంలో సాయం మొదలుపెట్టింది. బ్రసెల్స్‌లో ఆ పనికి గట్టిగా పూనుకున్నవాడు డొమెనికో లెనార్డుజ్జి. ఇటలీ నుంచి బెల్జియం బొగ్గుగనుల ప్రాంతానికి వలస వెళ్లిన కుటుంబంలో పెరిగినవాడు. పరాయి బడిలో బిత్తరపోయి కూర్చోవడమంటే ఏమిటో తెలిసినవాడు. ఎరాస్మస్ పథకం 1986లో దాదాపు అటకెక్కింది. సభ్యదేశాలు డబ్బు కోసేయడంతో ఐరోపా కమిషనే ప్రతిపాదనను వెనక్కి తీసుకుంది. విద్యార్థి సంఘాలు గొడవచేశాయి, ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తెరా దాకా వెళ్లాయి. చివరికి 1987 జూన్‌లో ఆమోదం వచ్చింది.

ఈ కథలో అన్నిటికన్నా విలువైనది ఓ మామూలు కాగితం. దాన్ని లెర్నింగ్ అగ్రిమెంట్ అంటారు. విద్యార్థి బయల్దేరక ముందే నింపాలి. ఓ పక్క అక్కడ చదవబోయే సబ్జెక్టులు, వాటి క్రెడిట్లు. మరోపక్క అవి ఇక్కడి డిగ్రీలో వేటి స్థానంలో కూర్చుంటాయో వివరం. కింద మూడు సంతకాలు. ఒకటి విద్యార్థిది, ఒకటి పంపే విశ్వవిద్యాలయానిది, ఒకటి చేర్చుకునేదానిది. అక్కడికెళ్లాక ఏదో ఒక కోర్సు రద్దయిందనుకోండి, మార్పు రాసి మళ్లీ మూడు సంతకాలూ తీసుకోవాలి. తిరిగొచ్చాక మార్కుల పత్రం ఆ ఒప్పందంతో సరిపోలితే చాలు, ఇక బతిమాలే పని లేదు. దీనికి ఆధారమైన క్రెడిట్ల పద్ధతిని 1989లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. ఏడాది చదువుకు 60 క్రెడిట్లు, సెమిస్టర్‌కు 30. ఒక్కో క్రెడిట్‌కు పాతిక నుంచి ముప్పై గంటల శ్రమ. క్లాసులో కూర్చున్న సమయమే కాదు, లైబ్రరీలో, ల్యాబులో, ఇంట్లో చదివిన గంటలు కూడా అందులో కలుస్తాయి. కొరాడికి ఎదురైన అధికారి లాంటివాళ్లు ఈనాటికీ ఉండొచ్చు. కానీ ఆ మూడు సంతకాలుంటే వాళ్లు కసరలేరు.

ఇక, వెళ్లిన విద్యార్థికి అక్కడ ఏం జరుగుతుంది? కొత్త భాష, కొత్త తిండి, కొత్త స్నేహాలు అందరూ చెప్పేవే. పెద్దగా ఎవరూ చెప్పనిది పరీక్ష సంగతి. ఇటలీలో చాలా సబ్జెక్టులకు మౌఖిక పరీక్షే. బల్లకు అవతల ప్రొఫెసర్, ఇవతల విద్యార్థి. వెనక కుర్చీల్లో తమ వంతు కోసం ఎదురుచూసే తోటివాళ్లు అన్నీ వింటూనే ఉంటారు. ప్రొఫెసర్ ఒక ప్రశ్నతో మొదలుపెట్టి, జవాబులోంచే ఇంకో ప్రశ్న లాగుతాడు. మార్కులు ముప్పైకి, పద్దెనిమిది వస్తే పాస్. వచ్చిన మార్కు నచ్చకపోతే విద్యార్థి వద్దనుకుని మరోసారి వచ్చి కూర్చోవచ్చు. హాల్ టికెట్ నంబరు వెనక పేరు దాచుకుని, గెస్ పేపర్లోంచి వచ్చిన ప్రశ్నకు అచ్చు గైడులో ఉన్నట్టే జవాబు రాసే అలవాటున్న పిల్లను ఆ బల్ల ముందు ఊహించండి. మొదటి రెండు నిమిషాలు గొంతు పెగలదు. కంఠతా పట్టిన వాక్యం సగంలో ఆగిపోతుంది, ఎందుకంటే ఎదుటాయన ‘ఎందుకు’ అని అడిగాడు. ఆ సెమిస్టర్ చివరికి ఆమె నేర్చుకునేది రోమన్ చట్టం ఒక్కటే కాదు. తనకేం తెలుసో, ఏం తెలియదో తడబడకుండా చెప్పగలగడం.

అదే ఇటలీ పిల్లాడు నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ వెళ్తే అతనికీ షాకే. 1976లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయంలో బోధనంతా సమస్య చుట్టూ తిరుగుతుంది. పది పదిహేను మంది బల్ల చుట్టూ కూర్చుంటారు. ఓ సమస్య ముందుంచుతారు. ఏం తెలుసుకోవాలో విద్యార్థులే తేల్చుకుని, చదివొచ్చి, మళ్లీ కూర్చుని వాదించుకోవాలి. ట్యూటర్ చాలావరకు వింటూ ఉంటాడు. ప్రొఫెసర్ నోటి వెంట వచ్చేదే పాఠమని పెరిగినవాడికి, ఇంతకీ క్లాసు ఎప్పుడు మొదలవుతుందన్న అనుమానం కొన్ని వారాల దాకా వదలదు. ఫ్రాన్స్‌లో మరో రకం. వ్యాసమంటే ముందు ప్రణాళిక గీసుకోవాల్సిందే, వాదన మెట్లు మెట్లుగా ఎక్కాల్సిందే. తెలిసిందంతా కుమ్మరిస్తే మార్కులు పడవు.

మన చదువు పద్ధతి అనేక పద్ధతుల్లో ఒకటి మాత్రమేనని, దాన్ని ఎవరో ఒకప్పుడు తీసుకున్న నిర్ణయంగా చూడాలని పుస్తకం చదివితే అర్థం కాదు. రెండో పద్ధతిలో ఓ పరీక్షకు కూర్చుని చూస్తేనే ఒంటబడుతుంది. వచ్చాక ఆ పిల్లలు అడిగే ప్రశ్నలు మాస్టార్లను ఇబ్బంది పెడతాయి. ‘అక్కడలా చేశాం సార్, ఇక్కడెందుకు ఇలా?’ అంటారు. ఆ ఇబ్బంది పడటానికి సిద్ధంగా ఉన్న డిపార్ట్‌మెంటే పిల్లల్ని పంపాలి.

ఐరోపా కమిషన్ 2014లో ఓ పెద్ద అధ్యయనం వెలువరించింది. చదువు ముగిసిన ఐదేళ్లకు చూస్తే, బయట చదివొచ్చినవాళ్లలో నిరుద్యోగం రేటు మిగతావాళ్లకన్నా 23 శాతం తక్కువని అందులో తేలింది. నాలుగో వంతు కన్నా ఎక్కువమందికి జీవిత భాగస్వామి ఆ రోజుల్లోనే పరిచయమయ్యారట. 1987 నుంచి అలాంటి జంటలకు పది లక్షల మంది దాకా బిడ్డలు పుట్టి ఉంటారని కమిషన్ లెక్కగట్టింది. రెండు తరాల కిందట ఒకరి మీద ఒకరు బాంబులేసుకున్న దేశాల మధ్య ఇన్ని వియ్యాలు కుదరడం మామూలు విషయం కాదు. ఇంకో మాట కూడా ఆ అధ్యయనంలోనే ఉంది. వెళ్లేవాళ్లలో చొరవ, కుతూహలం వెళ్లకముందు నుంచే కొంత ఎక్కువట. కాబట్టి ఘనతంతా ప్రయాణానిదే అనలేం.

అధ్యాపకుల సంగతి మీద ఇంత చర్చ జరగదు. జరగాలి. విద్యార్థి మూడేళ్లకో నాలుగేళ్లకో వెళ్లిపోతాడు. అధ్యాపకుడు ముప్పై ఏళ్లు అదే గదిలో ఉంటాడు. అతను మారితే ముప్పై బ్యాచ్‌ల చదువు మారుతుంది. ఎరాస్మస్‌లో అధ్యాపకులకూ చోటుంది. రెండు రోజుల నుంచి రెండు నెలల దాకా మరో విశ్వవిద్యాలయానికి వెళ్లిరావచ్చు. వారానికి కనీసం ఎనిమిది గంటలు పాఠం చెప్పాలి. ఆ ఎనిమిది గంటలే కీలకం. సదస్సుకెళ్లి పేపరు చదివి, ఊరు చూసి రావడం వేరు, తెలియని పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పడం వేరు. ఇరవై ఏళ్లుగా పండుతున్న ఉదాహరణ అక్కడ ఎవరికీ అందదు. సొంత ఊళ్లో అందరూ పగలబడి నవ్విన చోట అక్కడ నిశ్శబ్దం. పాఠాన్ని మళ్లీ మొదటి నుంచీ ఆలోచించక తప్పదు.

మన తెలుగుకే ఇలాంటి రాకపోకల వల్ల జరిగిన మేలు చూడండి. వెల్చేరు నారాయణరావు 1971లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పడానికి వెళ్లారు. పద్యం అనగానే మనకు చెవిలో మోగే లయ, ప్రబంధం అనగానే మనసులో మెదిలే లోకం అక్కడి పిల్లలకు లేవు. పుట్టు తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేనివన్నీ అక్కడ చెప్పాలి. అలా చెప్పేటప్పుడు పాతవి కూడా కొత్తగా కనపడతాయి. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయం ఆచార్యుడు డేవిడ్ షుల్మన్‌తో కలిసి మన చాటుపద్యాలను ఇంగ్లిష్‌లో 1998లో పుస్తకంగా తెచ్చారాయన. ఆ షుల్మన్ 2006లో కొన్ని నెలలు రాజమండ్రిలో కాపురమున్నారు. గోదావరి ఒడ్డున ఎండనూ వాననూ భరిస్తూ తెలుగు కావ్యాలు చదువుకుని, ఆ రోజులను డైరీ పుస్తకంగా అచ్చువేశారు. పేరున్న ప్రొఫెసర్ మళ్లీ విద్యార్థిలా పలక పట్టడానికి ఒప్పుకుంటే ఎంత పండుతుందో దానికి అదే సాక్ష్యం.

సంస్థలనే మార్చేసిన అధ్యాపక ప్రయాణాలూ ఉన్నాయి. ఐఐటీ కాన్పూర్ తొలి రోజుల్లో, 1962 నుంచి 1972 దాకా, తొమ్మిది అమెరికన్ విశ్వవిద్యాలయాలు ఓ కూటమిగా దానితో కలిసి నడిచాయి. ఎంఐటీ, బర్క్‌లీ, ప్రిన్స్‌టన్, పర్డ్యూ అందులో ఉన్నాయి. అక్కడి ప్రొఫెసర్లు కుటుంబాలతో వచ్చి క్యాంపస్‌లో ఉన్నారు. ఇక్కడి అధ్యాపకులు అక్కడికి వెళ్లొచ్చారు. 1963లో ఐబీఎం 1620 కంప్యూటర్ వచ్చింది. అందరూ ఆ యంత్రం గురించే చెబుతారు. నాకు అంతకన్నా పెద్ద మార్పనిపించేది వేరే ఉంది. పాఠం చెప్పినవారే ప్రశ్నపత్రం తయారుచేసి, వారే దిద్ది గ్రేడు ఇచ్చే పద్ధతి. ఎక్కడో ఎవరో పంపే ప్రశ్నపత్రానికి పిల్లల్ని తయారుచేయడం మానేసి, తను నేర్పిన దానికి తనే జవాబుదారీ కావడం. మన అనుబంధ కాలేజీల లెక్చరర్లు ఈనాటికీ అందుకోలేకపోతున్న స్వేచ్ఛ అది.

వెళ్లడం ఒక్కటే లెక్క అనుకుంటే ఏమవుతుందో బ్రిటన్ చూపించింది. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక ఎరాస్మస్‌ను వదిలేసి, 2021లో ట్యూరింగ్ పేరుతో సొంత పథకం పెట్టుకుంది. బయటికెళ్లే బ్రిటిష్ విద్యార్థులకు డబ్బిచ్చింది. లోపలికి వచ్చేవాళ్లకు ఇవ్వలేదు. పాఠం చెప్పడానికి వెళ్లే అధ్యాపకులకూ ఇవ్వలేదు. వేల్స్ ప్రభుత్వం ఇది సరిపోదని, రాకకూ పోకకూ సాయం చేసే ‘టైత్’ పథకాన్ని విడిగా మొదలుపెట్టుకుంది. చివరికి 2027 నుంచి మళ్లీ ఎరాస్మస్‌లో చేరడానికి బ్రిటన్ ఒప్పుకుంది.

ఎరాస్మస్‌లో లోపాలు లేవని కాదు. స్కాలర్‌షిప్ సొమ్ము పెద్ద నగరాల్లో గది అద్దెకే చాలదు. మిగతాది అమ్మానాన్న పెట్టుకోగలిగినవాళ్లదే రాజ్యం. ఇప్పుడు వెనకబడిన నేపథ్యం ఉన్నవాళ్లకు నెలకు 250 యూరోలు అదనంగా ఇస్తున్నారు, మంచిదే. ఇంకొందరు వెళ్లి తమ దేశం వాళ్లతోనే వండుకుని, తమవాళ్లతోనే తిరిగి, ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు. అలాంటప్పుడు దేశం మారినా గది మారనట్టే.

మన రెండు రాష్ట్రాల్లో పరిస్థితి ఏమిటి? దారులు లేకపోలేదు. 2004 నుంచి నడుస్తున్న ఎరాస్మస్ ముండస్ మాస్టర్స్‌లో చేరినవాళ్లు కనీసం రెండు దేశాల్లో చదవాలి. నెలకు 1,400 యూరోల స్కాలర్‌షిప్ దొరుకుతుంది. అది గెలుచుకునేవాళ్లలో భారతీయులు ముందు వరుసలో ఉంటున్నారు. 2015లో మొదలైన జ్ఞాన్ పథకం కింద విదేశీ ఆచార్యులు వచ్చి వారం రెండు వారాలు మన క్యాంపస్‌లలో పాఠాలు చెప్పి వెళ్తున్నారు. 2021లో క్రెడిట్ల బ్యాంకు వచ్చింది. 2022లో యూజీసీ విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి ట్విన్నింగ్, జాయింట్, డ్యుయల్ డిగ్రీలు ఇవ్వడానికి నిబంధనలు తెచ్చింది. కాగితం మీద కొరాడి అడిగినదంతా మన దగ్గరా ఉంది. లేనిదల్లా పంపే విశ్వవిద్యాలయం తరఫున సంతకం పెట్టే మనిషి. ఫలానా చోట చదివిన ఫలానా కోర్సు మా సిలబస్‌లో దేనికి సమానమో కూర్చుని తేల్చే తీరిక, తేల్చే అధికారం ఎన్ని డిపార్ట్‌మెంట్లలో ఎవరికి ఉన్నాయి?

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 1998లోనే ‘స్టడీ ఇన్ ఇండియా’ కార్యక్రమం మొదలుపెట్టింది. అమెరికా నుంచి, మరికొన్ని దేశాల నుంచి విద్యార్థులు ఒక సెమిస్టర్‌కో, ఓ వేసవికో గచ్చిబౌలి వచ్చి చదివి, ఆ క్రెడిట్లతో తమ విశ్వవిద్యాలయాలకు తిరిగి వెళ్తారు. వాళ్ల చదువుకు మన దగ్గర లెక్క కుదిరింది. మరి మన పిల్లల సంగతో?

అందరూ విమానం ఎక్కలేరు. దానికీ ఓ దారి ఉంది. స్వీడన్‌లో మాల్మో విశ్వవిద్యాలయం 1998లో తలుపులు తెరిచినప్పుడు దానికి విదేశాలతో ఒప్పందాలేవీ లేవు. కానీ ఊరినిండా వలస కుటుంబాలు. బెంగ్ట్ నిల్సన్ అనే అక్కడి బాధ్యుడు, ప్రపంచం ఊళ్లోనే ఉన్నప్పుడు క్యాంపస్‌ను దాంతో ముడిపెడదాం అన్నాడు. అప్పటికే అక్కడ ఒక్కో విద్యార్థికి ఒక్కో బడిపిల్లను జతచేసే ‘నైటింగేల్’ కార్యక్రమం ఉంది. వారానికోసారి కలుస్తారు, మ్యూజియానికో ఆటస్థలానికో వెళ్తారు, ఒకరింటికి ఒకరు పోయి భోంచేస్తారు. పిల్లకు యూనివర్సిటీ అంటే భయం పోతుంది. రేపు టీచరు కాబోయే విద్యార్థికి, తన క్లాసులో కూర్చునే పిల్లల ఇల్లెలా ఉంటుందో తెలుస్తుంది. పాస్‌పోర్టు అక్కర్లేదు, సిటీ బస్సు చాలు.

మాల్మోకు ఊళ్లో దొరికినది ఉస్మానియాకూ ఆంధ్ర విశ్వవిద్యాలయానికీ క్యాంపస్‌లోనే ఉంది. యెమెన్, సూడాన్, సోమాలియా లాంటి దేశాల నుంచి పిల్లలు దశాబ్దాలుగా తార్నాక వైపు వచ్చి చదువుకుంటున్నారు. విశాఖలోనూ ఆఫ్రికా, ఆసియా దేశాల విద్యార్థులు ఏటా చేరుతున్నారు. వాళ్లలో చాలామందికి మన భాషలో పది మాటలు నేర్పినవాళ్లు లేరు. ఒకే క్లాసులో రెండేళ్లు కూర్చుని ఒకరింటి సంగతి ఒకరికి తెలియకుండా పట్టా తీసుకుని వెళ్లిపోతున్నారు. అంతర్యుద్ధం నడుమ పెరిగిన పిల్లాడు పక్క బెంచీలో ఉండగా, మనం రాజనీతిశాస్త్రం క్లాసులో అంతర్యుద్ధాల గురించి గైడు చూసి నోట్స్ చెప్పించుకుంటున్నాం.

దీన్ని మార్చడానికి ఎవరి అనుమతీ, ఏ నిధులూ అక్కర్లేదు. వచ్చే సెమిస్టర్‌లో ఒక డిపార్ట్‌మెంట్, ఒకే ఒక్క పేపరుకు, ప్రాజెక్టు పనిని ఇద్దరిద్దరికి ఇచ్చి చూడాలి. ఒకరు ఇక్కడివారు, ఒకరు అక్కడివారు. విషయం ఇద్దరి ఊళ్లకూ సంబంధించింది కావాలి. సాగునీరో, ఆస్తి హక్కో, బడి మానేసే పిల్లలో ఏదైనా సరే. మార్కులు ఇద్దరికీ కలిపే వేయాలి. ఆ పేపరు చెప్పే మాస్టారికి ఆ ఏడాది నోట్స్ మళ్లీ రాసుకోవాల్సి వస్తుంది.